వెయిటింగ్ హోమ్ వల్ల పసిబిడ్డలు నిజంగా బతుకుతున్నారా? సాక్ష్యాన్ని తూచడం ఎలా

నొప్పులు మొదలయ్యాక బయల్దేరితే దారిలోనే కాన్పు అయిపోయేంత దూరంలో ఉండే గర్భిణుల కోసం ఆసుపత్రి పక్కన కట్టే వసతి ఇల్లు బర్త్ వెయిటింగ్ హోమ్. నెలలు నిండుతుండగా వస్తారు, రెండు మూడు వారాలు అక్కడే ఉంటారు, నొప్పులు రాగానే లేబర్ రూమ్‌కి నడిచి వెళ్తారు. ఇంత సూటిగా అర్థమయ్యే ఆలోచనకు మళ్లీ సాక్ష్యం దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. చాలా అధ్యయనాలు కూడా ఆ ధోరణిలోనే రాసినట్టుంటాయి.

"హోమ్‌లో ఉన్న తల్లుల బిడ్డల్లో మరణాలు సగానికి తగ్గాయి" అన్న వాక్యం మీకు ఏదో ఒక నివేదికలో ఎదురవుతుంది. ఆ లెక్క అక్షరాలా నిజం కావచ్చు. హోమ్ వల్ల ఒక్క బిడ్డ కూడా అదనంగా బతక్కపోయినా ఆ లెక్క నిజం కావచ్చు. ఈ రెంటిలో మీ చేతిలో ఉన్నది ఏదో తేల్చుకునే పద్ధతి కింద ఉంది. కావలసినవి: పూర్తి పేపర్ (సారాంశం ఒక్కటే సరిపోదు), కాలిక్యులేటర్, తెల్ల కాగితం, ఒక పూట సమయం.

మొదటి పని: కాగితం మీద నాలుగు వరుసలు

ఎవరి గురించి, ఏం చేశారు, దేనితో పోల్చారు, ఏం లెక్కపెట్టారు. ఈ నాలుగూ అధ్యయన పద్ధతి రాసిన భాగంలోంచే నింపండి, ముగింపులోంచి వద్దు. మూడో వరుసే చాలాసార్లు ఖాళీగా మిగులుతుంది. మిగిలితే అలాగే ఖాళీగా వదలండి, మీ ఊహతో పూరించకండి. ఆ ఖాళీయే మీకు దొరికిన మొదటి ఫలితం.

నాలుగో వరుసలో పదాలు కచ్చితంగా ఉండాలి. ప్రాణంతో పుట్టి 28 రోజులు నిండకముందే చనిపోతే అది నవజాత మరణం. గర్భం 28 వారాలు దాటాక ప్రాణం లేకుండా పుడితే మృత జననం. దేశాల మధ్య పోలికకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే గీత ఇది, కొన్నిచోట్ల 22 వారాల నుంచే లెక్కిస్తారు. మృత జననాలకు తొలి ఏడు రోజుల మరణాలు కలిపితే పెరినేటల్ మరణాలు. నవజాత మరణాల రేటుకు కింద వేసే సంఖ్య ప్రాణంతో పుట్టిన బిడ్డలు, పెరినేటల్ రేటుకు మొత్తం జననాలు. ఒకే పేపర్‌లో టేబుల్‌కో నిర్వచనం మారడం అరుదేమీ కాదు. శీర్షికలో "నవజాత శిశువుల ప్రాణరక్షణ" అని ఉండి, లోపల లెక్కపెట్టింది మృత జననాలనే అయిన పేపర్లు ఈ రంగంలో కావలసినన్ని ఉన్నాయి.

వెతికేటప్పుడు పేర్లన్నీ వాడండి

పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్) మెటర్నిటీ వెయిటింగ్ హోమ్ అని ఒక్కటే కొడితే చాలా పేపర్లు జారిపోతాయి. ఇథియోపియాలో మెటర్నిటీ వెయిటింగ్ ఏరియా అంటారు, జాంబియాలో మదర్స్ షెల్టర్, నికరాగ్వాలో కాసా మాటర్నా, క్యూబాలో ఓగార్ మాటెర్నో, మొజాంబిక్‌లో కాసా డి ఎస్పెరా. స్పానిష్, పోర్చుగీస్ పేర్లతో కూడా వెతకండి. క్యూబాలో మొదటి హోమ్ 1962లో కమగుయేలో తెరిచారు, అక్కడి అనుభవంలో చాలా భాగం స్పానిష్‌లోనే ఉంది.

ఇక్కడో జాగ్రత్త. క్యూబా హోమ్‌లలో దూరం ఒక్కటే కారణం కాదు. బరువు పెరగని గర్భిణులను, కవలలు ఉన్నవాళ్లను చేర్చుకుని తిండి, విశ్రాంతి, పర్యవేక్షణ ఇస్తారు. ఆ పనికి బిడ్డ బరువు మీద ప్రభావం ఉండొచ్చు. చివరి రెండు వారాలు పడుకోవడానికి చోటిచ్చే హోమ్‌కి ఆ ప్రభావం ఉండదు. రెంటినీ ఒకే పేరుతో కలిపేస్తే వచ్చే సగటు ఏ హోమ్‌కీ వర్తించదు.

వైద్య సాక్ష్యాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ ఈ అంశం మీద 2009లో సమీక్ష వేసి 2012లో మళ్లీ చూసింది. చేర్చుకోదగ్గ యాదృచ్ఛిక పరీక్ష (ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించేది) ఒక్కటీ దొరకలేదు. ఈ విషయం ముందే మనసులో ఉంచుకుని మొదలుపెడితే, ఆ తర్వాత ఎదురయ్యే పెద్ద పెద్ద శాతాలకు కళ్లు చెదరవు.

పక్క కాలమ్‌లో ఉన్నది ఎవరు?

పక్క కాలమ్ అంటే టేబుల్‌లో హోమ్ వాడినవాళ్ల పక్కన పోలికకు పెట్టినవాళ్లు. మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఒక నిజమైన ఉదాహరణను దగ్గరగా చూద్దాం.

ఇథియోపియాలోని అట్టాట్ ఆసుపత్రి 22 ఏళ్ల రికార్డులు తీసి 2010లో ప్రచురించింది. మొత్తం కాన్పులు 24,148. వాటిలో 6,805 మంది హోమ్‌లో ఉండి వచ్చినవాళ్లు, 17,343 మంది నేరుగా వచ్చినవాళ్లు. మృత జననాలు హోమ్ వైపు వెయ్యికి 17.6, నేరుగా వచ్చినవాళ్లలో 191.2. తల్లుల మరణాలు లక్షకు 89.9, అటువైపు 1,333.1. భాగిస్తే మృత జననాల్లో దాదాపు 11 రెట్ల తేడా, తల్లుల మరణాల్లో 15 రెట్లు. మందులూ, ఆపరేషన్లూ ఇంత తేడా చూపించడం అరుదు.

ఇప్పుడు ఆ 191 మీద వేలు పెట్టి ఆగండి. వెయ్యికి 191 అంటే దాదాపు ఐదుగురిలో ఒకరి బిడ్డ చనిపోయి పుట్టింది. ఏ ఊళ్లోనైనా, ఎంత వెనకబడిన చోటైనా, గర్భిణులందరినీ కలిపి చూస్తే ఈ రేటు రాదు. అంటే నేరుగా వచ్చినవాళ్లు ఆ ప్రాంతపు మామూలు గర్భిణులు కారు. వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర రోజంతా నొప్పులు పడి, బిడ్డ అడ్డం తిరిగో, తల ఇరుక్కునో, ఇక ఇంట్లో కాదని తెలిశాక మోసుకొచ్చినవాళ్లు. ఇంట్లో సుఖంగా కాన్పయిన వాళ్లు ఆసుపత్రి గడప తొక్కలేదు కాబట్టి రిజిస్టర్‌లోకే రాలేదు. హోమ్ కాలమ్ పక్కన నిలబెట్టింది ప్రమాదంలో పడ్డవాళ్ల కాలమ్‌ని.

అంతమాత్రాన అట్టాట్ పేపర్ పనికిరాదని కాదు. హోమ్ వైపు సిజేరియన్లు 38.5 శాతం, నేరుగా వచ్చినవాళ్లలో 20.3 శాతం. అంటే హోమ్‌కి పంపింది ముందుగానే ఇబ్బంది ఉందని తేలినవాళ్లను: పాత సిజేరియన్ ఉన్నవాళ్లు, కవలలు, ఎదురు కాళ్లు. వాళ్లే ఇంట్లో ఉండిపోయి ఉంటే ఆ 191లో చేరేవాళ్లు కొందరైనా ఉంటారన్నది నమ్మదగ్గ మాట. ఎంతమంది అన్నదే ఈ పేపర్ చెప్పలేదు. "ఫలితం ఉండే అవకాశం గట్టిగా ఉంది" అనడానికి, "పదకొండు రెట్లు తగ్గించింది" అనడానికి మధ్య ఉన్న దూరం ఇదే.

పేపర్‌లో "హోమ్ వాడనివారు" అని కనబడ్డ ప్రతిచోటా వాళ్లు ఈ మూడు రకాల్లో ఎవరో పట్టుకోండి. ఆసుపత్రికి దగ్గర్లో ఉండి హోమ్ అవసరం లేనివాళ్లయితే, వాళ్లకు ప్రమాదం తక్కువ కాబట్టి హోమ్ తన నిజమైన విలువకన్నా తక్కువగా కనిపిస్తుంది. జాంబియా నుంచి 2003లో వచ్చిన అధ్యయనంలో ఈ ఛాయ ఉంది: హోమ్‌లో ఉన్నవాళ్లకు ప్రమాద లక్షణాలు ఎక్కువ, ఫలితాలు మాత్రం రెండు వైపులా ఒకటే. సమానంగా ఉండటమే అక్కడ విజయం కావచ్చు. కష్టం ముదిరాక వచ్చినవాళ్లయితే, అట్టాట్‌లోలా హోమ్ విలువ పెరిగిపోతుంది. మూడో రకం, ఇంట్లో కాన్పయినవాళ్లు, ఆసుపత్రి రికార్డుల్లో ఎక్కడా ఉండరు. ఇంటింటి సర్వే చేస్తేనే దొరుకుతారు. ఈ మూడూ కలగలిసి ఉంటే ఫలితం ఎటు మొగ్గిందో చెప్పడం ఎవరి తరమూ కాదు, రాసినవాళ్ల తరం కూడా కాదు.

పక్క కాలమ్‌ని కొంతవరకు సరిచేసే ఉపాయం ఒకటుంది. ఆసుపత్రికి వచ్చేసరికి బిడ్డ గుండె చప్పుడు ఉందా లేదా అన్న వివరం పేపర్‌లో దొరికితే, చప్పుడు ఉన్నవాళ్లను మాత్రమే రెండు వైపులా పోల్చి చూడండి. అప్పుడు మీరు కొలిచేది ఆసుపత్రిలో అందిన వైద్యాన్ని, దారిలో పోయిన ప్రాణాలను కాదు. ఈ లెక్క హోమ్‌కి కాస్త అన్యాయమే చేస్తుంది, ఎందుకంటే దారిలో పోయే ప్రాణాలను కాపాడటమే దాని అసలు పని. అందుకని రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోండి. నిజం ఆ రెంటి మధ్యే ఉండే అవకాశం ఎక్కువ.

నెలల ఉచ్చు

దీన్ని అనుభవజ్ఞులు కూడా దాటేస్తారు. హోమ్‌కి సాధారణంగా 36 నుంచి 38 వారాల మధ్య రమ్మంటారు. అంటే "హోమ్ వాడినవారు" అన్న జాబితాలో పేరు ఎక్కాలంటే అప్పటిదాకా కాన్పు కాకుండా ఉండాలి. 32 వారాలకే కాన్పయిన తల్లి, రావాలని ఎంత అనుకున్నా, వాడనివారి లెక్కలోనే పడుతుంది. నవజాత మరణాలకు అతిపెద్ద కారణం నెలలు నిండకుండా పుట్టడమే. ఆ మరణాలన్నీ హోమ్ ప్రమేయం లేకుండానే పక్క కాలమ్‌లోకి వెళ్లి కూర్చుంటాయి.

ఊహించిన అంకెలతో చేసి చూడండి. నెలలు నిండని బిడ్డల్లో వెయ్యికి 100 మంది, నిండినవాళ్లలో వెయ్యికి 10 మంది చనిపోతారనుకుందాం. హోమ్‌కి ఏ ప్రభావమూ లేదనుకుందాం. వాడనివారి వైపు వెయ్యి జననాల్లో 100 నెలలు నిండనివి: అక్కడ 10 మరణాలు. మిగిలిన 900లో 9. మొత్తం 19. హోమ్ వైపు వెయ్యి మందీ నెలలు నిండినవాళ్లే: 10 మరణాలు. పదిని పంతొమ్మిదితో భాగిస్తే 0.53. "హోమ్ వల్ల నవజాత మరణాలు 47 శాతం తగ్గాయి" అని పత్రికలో శీర్షిక పెట్టొచ్చు, ఏమీ జరగకుండానే.

విరుగుడు కష్టమేమీ కాదు. రెండు వైపులా 37 వారాలు దాటిన కాన్పులనే పోల్చారా చూడండి. లేదా హోమ్‌లో చేరిన రోజున ఎన్ని వారాలో, అప్పటికి అన్నే వారాల గర్భంతో ఉండి బయటే ఉన్నవాళ్లతో జత కట్టారా చూడండి. రెండూ చేయకపోతే, ఎన్ని ఇతర అంశాలకు సవరించామని చెప్పుకున్నా ఈ రంధ్రం పూడదు. పైగా వారాలను ఎలా లెక్కించారో కూడా చూడాలి. చివరి నెలసరి తేదీ గుర్తు మీద ఆధారపడితే రెండు మూడు వారాలు అటూ ఇటూ అవడం మామూలే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ఉంటే నమ్మకం పెరుగుతుంది. వారాల బదులు పుట్టిన బరువును వాడి 2,500 గ్రాముల దగ్గర గీత గీసిన పేపర్లు ఉన్నాయి. లేనిదానికన్నా మేలు, అంతే.

ఏ మరణం, ఎప్పటిదాకా?

నవజాత మరణాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మొదటి వారంలోనే జరుగుతాయి, అందులోనూ తొలి రోజు అత్యంత ప్రమాదకరం. ఆరోగ్య కేంద్రాల్లో మామూలు కాన్పు తర్వాత తల్లీబిడ్డలను తరచూ 24 గంటల్లోనే ఇంటికి పంపుతారు. "డిశ్చార్జ్ అయ్యేదాకా" అని రాసి ఉంటే ఆ అధ్యయనం చూసింది ఒక రోజు మాత్రమే. నాలుగో రోజున ఇన్ఫెక్షన్‌తో పోయిన బిడ్డ వాళ్ల లెక్కలో బతికే ఉంటుంది. హోమ్ వైపు తల్లులు దూరపు ఊళ్ల వాళ్లు కాబట్టి తిరిగి కబురు అందకపోవడం వాళ్ల వైపే ఎక్కువ. మరణం తెలియకపోతే సున్నా అనే పడుతుంది. 28వ రోజు ఎంతమంది ఆచూకీ దొరికిందో రెండు వైపులా విడివిడిగా వెతకండి. ఒకవైపు 95 శాతం, మరోవైపు 70 శాతం అయితే అక్కడితో ఆపేయొచ్చు.

రెండో చిక్కు, మృత జననానికీ తొలి నిమిషాల మరణానికీ మధ్య గీత. ఊపిరి తీసుకోకుండా పుట్టి గుండె మాత్రం కొట్టుకుంటున్న బిడ్డను, చూసేవాళ్లు లేనిచోట చనిపోయి పుట్టిందనే రాసేస్తారు. హోమ్‌తో పాటు సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఊపిరి అందించే బ్యాగ్, మాస్క్ సమకూరిస్తే అలాంటి బిడ్డను గుర్తించి ఊపిరి పోయడానికి ప్రయత్నిస్తారు. కొందరు బతుకుతారు, కొందరు గంట తర్వాత పోతారు. ఫలితంగా మృత జననాలు తగ్గి నవజాత మరణాలు పెరిగినట్టు కనిపించొచ్చు, సేవ మెరుగైనా సరే. అందుకే ఒక్క నవజాత మరణాల రేటే ఇచ్చిన పేపర్ కన్నా పెరినేటల్ మొత్తం కూడా ఇచ్చిన పేపర్ మేలు.

మృత జననాల్లోనూ రెండు రకాలు. చర్మం ఊడుతూ పుడితే నొప్పులకు ముందే, చాలా గంటలో రోజులో కిందటే కడుపులో పోయిందని అర్థం. చర్మం మామూలుగా ఉంటే కాన్పు సమయంలో పోయి ఉండొచ్చు. ప్రపంచవ్యాప్తంగా మృత జననాల్లో 40 శాతానికి పైగా రెండో రకమే. హోమ్ ముఖ్యంగా తగ్గించగలిగేది వీటినే. మొదటి రకం కూడా అంతే నిష్పత్తిలో తగ్గినట్టు చూపిస్తే, మెచ్చుకోవడం కన్నా అనుమానించడం మంచిది: మనుషులే వేరై ఉంటారు.

గొలుసులో ఏ లంకె దగ్గర తెగింది?

హోమ్ ఏ బిడ్డనూ స్వయంగా కాపాడదు. దూరాన ఉన్న గర్భిణికి కబురు చేరాలి, ఇంట్లో మిగతా పిల్లలను, పనిని ఎవరికో అప్పగించి ఆమె రాగలగాలి, నొప్పులు వచ్చేదాకా ఉండగలగాలి, ఆ రాత్రి లేబర్ రూమ్‌లో చేయి తిరిగిన నర్సు ఉండాలి, ఊపిరి ఆడని బిడ్డకు మొదటి నిమిషంలో బ్యాగ్ పట్టాలి, అవసరమైతే సిజేరియన్ జరగాలి. అధ్యయనం వీటిలో ఎన్నింటిని కొలిచిందో మీ కాగితం మీద ఆ నాలుగు వరుసల కింద రాసుకోండి.

మొదటి లంకె తెగిన సందర్భం ఆగ్నేయాసియా దేశం తిమోర్ లెస్తే. 2012లో ప్రచురితమైన అధ్యయనంలో హోమ్‌లు తెరిచాక కూడా కేంద్రంలో కాన్పయినవాళ్లు ఎక్కువగా 5 కిలోమీటర్ల లోపు వాళ్లే; దూరపు ఊళ్ల వాళ్లకు ఒరిగింది లేదు. కాబట్టి "హోమ్ నిండుగా ఉంది" అన్న అంకెతో సరిపెట్టుకోకండి, నిండింది ఎవరితో అని దూరం వారీగా అడగండి.

చివరి లంకె గురించి కఠినమైన పాఠం ఉత్తర ప్రదేశ్‌లో జరిగిన బెటర్‌బర్త్ పరీక్ష. 120 ఆరోగ్య కేంద్రాల్లో, సగంచోట్ల కాన్పు చేసేవాళ్లకు చెక్‌లిస్ట్ ఇచ్చి పక్కనుండి నేర్పించారు. సిబ్బంది పనితీరు మెరుగైంది. 2017లో ఫలితాలు వచ్చాక చూస్తే పెరినేటల్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అది హోమ్‌ల మీద పరీక్ష కాదు, కానీ "కాన్పు ఆసుపత్రిలో అయితే చాలు, బిడ్డ బతుకుతుంది" అన్న ఊహ మీద కట్టిన ప్రతి అంచనానూ అది నిలదీస్తుంది. హోమ్ వల్ల ఆసుపత్రి కాన్పులు పెరిగాయని చూపి, అక్కడినుంచి గుణకారంతో "ఇన్ని వేల ప్రాణాలు" అని తేల్చే నివేదికలను ఈ కారణంగానే పక్కన పెట్టాలి.

హోమ్ ఏ స్థాయి ఆసుపత్రికి ఆనుకుని ఉందో కూడా రాసుకోండి. సిజేరియన్ జరిగే ఆసుపత్రి పక్కన ఉన్న హోమ్ ఫలితాన్ని, ఇద్దరు నర్సులున్న కేంద్రం పక్కన కట్టబోయే హోమ్‌కి తగిలించకూడదు. చెడు వైపు కూడా ఉంటుంది: కిక్కిరిసిన గదులు, శుభ్రత లేని మరుగుదొడ్లు, తిండి ఖర్చు. వీటి గురించి ఒక్క వాక్యమూ లేని పేపర్ వీటిని వెతకలేదని అనుకోండి, లేవని కాదు.

అంకెలకు ఆ బరువు మోసే సత్తా ఉందా?

నవజాత మరణం, అదృష్టవశాత్తూ, అరుదైన ఘటన. వెయ్యికి 20 ఉన్నచోట 15కి తగ్గిందని నమ్మకంగా చెప్పాలంటే (80 శాతం పవర్, అంటే తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం; 5 శాతం పొరపాటు హద్దు, అంటే లేని తేడాను ఉందనుకునే అవకాశం) ఒక్కో వైపు దాదాపు 10,800 జననాలు కావాలి. వ్యక్తులను కాక ఊళ్లను, కేంద్రాలను విభజిస్తే ఇంకా ఎక్కువ. కేంద్రానికి వంద జననాలు, ఒకే కేంద్రంలోని జననాల ఫలితాలు ఒకదాన్నొకటి పోలి ఉండే మేర (ఐసీసీ) 0.005 అనుకుంటే 1.495తో గుణించాలి, 16,000 దాటుతుంది. ఇక మూడు వందల మంది తల్లులతో చేసిన అధ్యయనం నవజాత మరణాల గురించి ఏం చెప్పగలదో మీరే చూసుకోండి.

"హోమ్‌లో ఉన్న 300 మందిలో ఒక్క బిడ్డ కూడా పోలేదు" అన్నది ఆకర్షణీయమైన వాక్యం. మూడును 300తో భాగించండి: ఒక శాతం. అంటే నిజమైన రేటు వెయ్యికి 10 దాకా ఉన్నా, సున్నా రావడంలో వింత లేదు. సున్నా ఎదురైన ప్రతిసారీ మూడును మొత్తం సంఖ్యతో భాగించే ఈ "మూడు సూత్రం" వేయండి, క్షణం పని; వచ్చేది నిజమైన రేటుకు దాదాపు పై హద్దు.

ముందు, తర్వాత పోలికలకు మరో చిన్న లెక్క. ప్రపంచంలో నవజాత మరణాల రేటు 1990లో వెయ్యికి 37, 2022లో 17. ఏటా దాదాపు రెండున్నర శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. ఏమీ చేయకపోయినా ఐదేళ్లలో పది పన్నెండు శాతం తగ్గుదల కనబడే కాలం ఇది. కాబట్టి హోమ్ లేని పొరుగు ప్రాంతంలో అదే ఐదేళ్లలో ఎంత తగ్గిందో తీసేశాక మిగిలిందే హోమ్ ఖాతాలోకి రావాలి. ఆ ఐదేళ్లలోనే అంబులెన్సో, రోడ్డో, ఉచిత కాన్పు పథకమో వచ్చి ఉంటే ఆ మిగిలినదాన్నీ పంచుకోవాలి.

యాదృచ్ఛికంగా విభజించి చేసిన పరీక్ష ఇథియోపియాలోని జిమ్మాలో జరిగింది, 2020లో ఫలితాలు వచ్చాయి. 24 ప్రాథమిక ఆరోగ్య యూనిట్లను మూడు గుంపులు చేసి, ఒకదానిలో హోమ్‌లను మెరుగుపరిచి స్థానిక పెద్దలకు శిక్షణ ఇచ్చారు, రెండోదానిలో శిక్షణ ఒక్కటే, మూడోదానిలో ఎప్పటిలాగే. ఆసుపత్రి కాన్పుల్లో నమ్మదగ్గ తేడా రాలేదు. దీన్ని "హోమ్‌లు దండగ" అని చదవకండి. అక్కడ హోమ్‌లు ముందే ఉన్నాయి. పరీక్షించింది వాటిని బాగుచేయడాన్ని. కొలిచింది కాన్పు స్థలాన్ని, బిడ్డల మరణాలను కాదు. కానీ అట్టాట్ లాంటి పోలికల్లో కనబడే భారీ తేడాలకూ, విభజన సరిగ్గా చేసినప్పుడు వచ్చే ఫలితానికీ మధ్య ఇంత దూరం ఉండటం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మెటా అనాలిసిస్ కనబడగానే నెమ్మదించండి

మెటా అనాలిసిస్ అంటే చాలా అధ్యయనాల అంకెలను కలిపి ఒకే అంకె తీయడం. 2018లో వచ్చిన ఒక సమీక్ష అలా అధ్యయనాలను కలిపి, హోమ్ వాడినవాళ్లలో తల్లుల మరణాలు 80 శాతం, మృత జననాలు 73 శాతం తక్కువని లెక్క తేల్చింది. కలపడంలో గణితం సరిగ్గానే ఉండొచ్చు. కానీ వంకర తక్కెడతో పదిసార్లు తూచి సగటు తీస్తే తూకం సరికాదు, తప్పు మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది. చేరిన ప్రతి అధ్యయనాన్నీ పైన చెప్పిన రెండు ప్రశ్నలతో విడిగా చూడండి: పక్క కాలమ్‌లో ఎవరు, నెలల ఉచ్చును దాటారా? ఆ రెండూ దాటినవాటినే ఉంచి మళ్లీ చూస్తే తరచూ ఒకటో రెండో మిగులుతాయి. కొన్నిసార్లు ఏమీ మిగలవు.

తీర్పు రాయడం

గ్రేడ్ పద్ధతిలో సాక్ష్యం మీద నమ్మకానికి నాలుగు మెట్లు: అధికం, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ. యాదృచ్ఛిక విభజన లేని అధ్యయనాలు మామూలుగా "తక్కువ" దగ్గర మొదలవుతాయి, పక్షపాతం ఉంటే ఇంకా దిగుతాయి. తేడా చాలా పెద్దదైతే ఒక మెట్టు ఎక్కించవచ్చన్న వెసులుబాటు ఉంది. అట్టాట్ అంకెలను చూసి చాలామందికి ఆ కోరిక పుడుతుంది. ఆ పెద్ద తేడా పక్క కాలమ్ వల్లే వచ్చిందని తెలిశాక ఎక్కించడం కుదరదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సిఫార్సును ఇలాంటి తీర్పుకు నమూనాగా చదవొచ్చు. కాన్పు సేవలు గానీ, ప్రమాద సమయపు సేవలు గానీ అందే ఆసుపత్రి పక్కన, మారుమూల ప్రాంతాల వాళ్లకోసం హోమ్‌లు పెట్టమంది. కానీ సిఫార్సు షరతులతో కూడినది, సాక్ష్యం నాణ్యత అతి తక్కువ అని అదే వాక్యంలో ఒప్పుకుంది. సాక్ష్యం బలహీనంగా ఉందంటే పని వృథా అని కాదు. నష్టం తక్కువ, తర్కం గట్టిది, కోరుకునేవాళ్లున్నారు కాబట్టి చేయొచ్చు. చేస్తూ కొలవాలి.

మీ తీర్పులో మూడు మాటలు చాలు: ఏ తరహా హోమ్, ఏ మరణం, ఎంత నమ్మకం. ఉదాహరణకు: "సిజేరియన్ జరిగే ఆసుపత్రి పక్కనున్న హోమ్, ముందే ప్రమాదం గుర్తించిన గర్భిణుల్లో కాన్పు సమయపు మృత జననాలను తగ్గిస్తూ ఉండొచ్చు, నమ్మకం తక్కువ. 28 రోజుల నవజాత మరణాల మీద ప్రభావం గురించి చెప్పగలిగింది లేదు." శాతం వేయాలని చేయి దురద పెడుతుంది. వేయకండి.

మీరే హోమ్ నడుపుతుంటే

రిజిస్టర్‌లో ఇప్పుడే కొన్ని గడులు గీయించండి, మూడేళ్ల తర్వాత గీస్తే లాభం లేదు. ఇంటినుంచి ఎన్ని గంటల ప్రయాణం (కిలోమీటర్లు కాదు, వానాకాలం లెక్క వేరు). చేరిన రోజుకు ఎన్ని వారాలు, ఎలా లెక్కించారు. ఎందుకు పంపారు. లేబర్ రూమ్‌కి వచ్చిన నిమిషాన బిడ్డ గుండె చప్పుడు. పుట్టగానే ఊపిరి, బ్యాగ్ పట్టారా. మృత జననమైతే చర్మం ఎలా ఉంది. ఏడో రోజు, 28వ రోజు బిడ్డ ఎలా ఉందో, ఆ మాట ఎవరు చెప్పారో. కాన్పుకు ముందే హోమ్ నుంచి వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టేయకండి, వాళ్ల కాన్పు ఎక్కడైనా సరే లెక్క హోమ్ వైపే ఉండాలి.

వీటన్నిటికన్నా విలువైనది రెండో పుస్తకం. 34 వారాల దగ్గర హోమ్‌కి రమ్మని చెప్పిన ప్రతి గర్భిణి పేరూ అందులో ఉండాలి, వచ్చినా రాకపోయినా. రానివాళ్ల ఇంటికి కూడా 28వ రోజున ఎవరో ఒకరు వెళ్లి అడిగి రావాలి.